గుమ్మంలో మనిషి

"ఎవరీ పనిమనిషి?" భరద్వాజ్ కేక పెట్టాడు.

ఈజిల్ స్టాండు మీద పెయింటింగుకి అప్పుడే ముసుగు తీశారు. విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లండులో వేసిన ఇంటి బొమ్మల్లా ఉండాలని అతను పట్టుబట్టి వేయించుకున్నది. ఫైర్‌ప్లేస్ పక్కన సూటూ బూటూ వేసుకుని పేపరు చదువుతున్న భరద్వాజ్, పొడుగు గౌనులో కుట్టుపని చేస్తున్న భార్య వాసవి, పియానో ముందు కూతురు. నిజానికి కెనడాలో, మార్కమ్‌లోని ఆ ఇంటికి పేపరు రాదు. సూదిలో దారం ఎక్కించడం ఎవరికీ రాదు. పియానో అద్దెది. అయినా బొమ్మలో సంసారం మాత్రం చూడముచ్చటగా ఉంది.

వచ్చిన చిక్కల్లా వెనకాల గుమ్మంలో నిలబడ్డ మనిషితోనే. తెల్ల టోపీ, తెల్ల ఏప్రన్, చేతిలో ట్రే. టోపీ నీడలో ముఖం సరిగ్గా కనబడటం లేదు కానీ, జుట్టు నెరిసింది, నడుం కాస్త వంగింది.

"రేపు మన పెళ్ళిరోజుకి తెలుగువాళ్ళంతా వస్తున్నారు. కెనడాలో డాక్టర్లే గిన్నెలు తోముకుంటుంటే మనకి పనిమనిషా? కోతలు కోస్తున్నాం అనుకోరూ?"

"అనుకోనివ్వండి," అంది వాసవి. "నాకైతే రాయల్‌గా ఉంది. రేపొచ్చే ఆ సుప్రజ వాళ్ళింట్లో ఉత్త ఫ్యామిలీ ఫోటోనే. ఇది చూసి కుళ్ళి చస్తుంది."

భార్య మాట జవదాటే రకం కాదు భరద్వాజ్. వెంటనే మెత్తబడ్డాడు.

"సరే, ఉండనీ. కానీ మరీ ఇంత ముసలిదేమిటి? కాస్త వయసులో ఉన్నదాన్ని పెట్టించుదాం."

"ఎందుకో?"

"అంటే... పెయింటింగ్‌కి కొంచెం కళ వస్తుందని."

వాసవి అతన్ని ఎగాదిగా చూసింది. "వచ్చే కళలు చాలు. అసలు మనిషే వద్దు. తుడిపించేసి అక్కడో పూలకుండీ వేయించండి."

పూలకుండీ ఖాయమైంది. భరద్వాజ్ ఆ ముక్కే ఇంగ్లీషులో చెప్పాడు, బ్రష్షులు కడుక్కుంటున్న పెయింటర్ హెలెన్‌కి.

"తుడిచేస్తే తుడిచేస్తాను," అంది హెలెన్. "కానీ బట్టలు మార్చినా, ఇంట్లో మనుషుల్ని ఉన్నవాళ్ళని ఉన్నట్టే వెయ్యమన్నది మీరే కదా! నేను ఊహించుకుని ఎవర్నీ వెయ్యలేదు."

"మా ఇంట్లో పనిమనిషే లేదండీ!"

హెలెన్ చేతిలో బ్రష్షు ఆగిపోయింది. "అదేమిటి! నేను వచ్చిన ప్రతిసారీ చూశానే. మీరు ముగ్గురూ ఇక్కడ కూర్చుంటే, ఆవిడ అక్కడ నిలబడేది. కప్పులు అందించేది, ఖాళీవి తీసుకెళ్ళేది. ఆవిడ కూర్చోగా మాత్రం నేనెప్పుడూ చూడలేదు. ఆవిడ బట్టలు ఆ కాలానికి అతకవు కాబట్టి గౌనూ టోపీ నేను తొడిగాను. మిగతాదంతా ఆవిడే."

భార్యాభర్తలు మొహమొహాలు చూసుకున్నారు. ఎంత ఆలోచించినా, పాపం, ఆ మనిషెవరో ఇద్దరికీ తట్టలేదు.

"అదిగో, వచ్చింది!" హెలెన్ సంబరంగా వేలు పెట్టి చూపించింది.

ఇద్దరూ వెనక్కి తిరిగారు. టీ ట్రే పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది, మనవరాల్ని చూసుకుందామని ఇండియా నుంచి సూపర్ వీసా మీద వచ్చిన భరద్వాజ్ కన్నతల్లి.

వాసవి చటుక్కున తల దించుకుంది.

"ఏమిట్రా, ఆ అమ్మాయి నన్ను చూపించి ఏదో అంటోంది?" అని అడిగింది తల్లి.



"నీ చేతి టీ అమృతంలా ఉంటుందంటోందమ్మా," అన్నాడు భరద్వాజ్. "అవి అక్కడ పెట్టేసి, వెళ్ళి నాలుగు పకోడీలు కూడా వేసుకురా."