జొన్నచేనికి తగిలిన దిష్టి

రోషన్ బీ జొన్నచేను నిగనిగలాడుతుంటే ఓబులక్కకు అన్నం సయించడం లేదు.

ఇద్దరి చేలకూ నడుమ ఒక్కటే గట్టు. గట్టు కొసన కొత్త బడి కోసం వేసిన సున్నపు బట్టీ. బర్రెల మేతకని ఇద్దరూ ఒకే వానకు విత్తారు. ఓబులక్క చేను మోకాలెత్తు రాగానే ఆకుల కొసలు మాడి గిడసబారింది. రోషన్ బీది నడుమెత్తు లేచింది. ఓబులక్క రోజూ గట్టు మీద నిలబడి కళ్ళార్పకుండా దాన్నే చూసేది.

దసరా దాటాక గాలి మళ్ళింది. రోషన్ బీ చేను కూడా మాడడం మొదలుపెట్టింది. నా కన్నే తగిలిందనుకుని ఓబులక్క భయపడింది. కడుపు మాత్రం చల్లబడింది.

ఆ పొద్దున రోషన్ బీ గట్టు మీదికొచ్చి ఆమె చేతులు పట్టుకుంది.

"అక్కా, తప్పు నాది. ముందు నీ చేను లేస్తాంటే నాకు కడుపు మండిపోయింది. దినామూ చూస్తా ఉంటి. నా దిష్టికే అది మాడింది. ఆ పాపం ఇప్పుడు నాకే చుట్టుకునింది."

ఓబులక్క ఊరికే పక్కనున్న జొన్న ఆకును తడిమింది. మంచుకు తడిసిన సున్నపు దుమ్మూ బొగ్గు మసీ కలిసి వేళ్ళకు అంటుకున్నాయి.

తలెత్తి చూసింది. బట్టీ పొగ నేరుగా రోషన్ బీ చేని మీదికి పోతోంది. గాలి మళ్ళక ముందు తన చేని మీదికే వచ్చేది.

వేళ్ళు కొంగు చాటున తుడుచుకుంది.

"పోనీలే రోషన్ బీ," అంది. "ఇంగమీద నా చేని దిక్కు చూడాకు."