విలాయతి కట్టర్లు

లేతు మిషను మీద ఇనుము కోసే కట్టర్ అంచు టప్పున ఊడింది.

మల్లేశం గబుక్కున మిషను ఆపాడు. లచ్చయ్య బావి ఇంజను షాఫ్టు సగంలో ఉంది. రేపు పొద్దుటికి బిగించకపోతే లచ్చయ్య వరి చేతికి రాదు.

మగ్గం ఇంట్లో పుట్టి కట్టంగూర్‌లో లేతు పెట్టింది తానొక్కడేనని మల్లేశానికి కాస్త గర్వం. కాస్తేమిటి, బాగానే. బాపు మగ్గం చెక్కతో తానే కట్టర్లకు పెట్టె చేశాడు. ఏ కట్టర్ గుంట దానిదే, దాని కొలతకే తొలిచాడు. ఊళ్ళోకి ఎవరొచ్చినా ఆ పెట్టె చూసి మెచ్చుకుని పోవాల్సిందే.

ఆ పూట బస్సు చాయ తాగడానికి ఆగితే ఒకాయన దిగి నేరుగా ఇంటి వెనక షెడ్డుకే వచ్చాడు. ఇస్త్రీ అంగీ, చేతిలో రేకు పెట్టె.

"కట్టర్లకు పెట్టె చేసినవంట తమ్మీ. జర చూపిస్తవా?"

అంత ఫికర్‌లోనూ మల్లేశం కాదనలేకపోయాడు. మూత తెరిచాడు.

ఆయన వంగి ఒక్కొక్కదాన్నీ తీరిగ్గా చూశాడు.

"మంచి జాగ ఇచ్చినవు వీటికి."

"ఇయ్యకుంటె ఎట్ల? విలాయతి సరుకు. గింత పనితనం మన దిక్కు యాడున్నది?"

"విలాయతియని ఎవరు చెప్పిన్రు?"

"ఒకరు చెప్పాల్నా? చూస్తె ఎరుక గాదా?"

ఆయన మీసాల్లో నవ్వుకున్నాడు. ఆ మాట ఆయనకు బాగా నచ్చినట్టుంది. ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు.

అప్పుడు మిషను మీది కట్టర్ కంటబడింది.

"అంచు ఊడినట్టున్నది. ఇటియ్యి, సాన పట్టి ఇస్త."

మల్లేశం చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దు పెద్దమనిషీ. దీన్ని సానకు పెట్టనీకి నేనే జంకుతున్న. తొవ్వల పోయెటోళ్ళ చేతికి ఎట్లిస్త?"

ఆయన ఏమీ అనుకోలేదు. బస్సు హారన్ కొడితే, "పైలం తమ్మీ" అని వెళ్ళిపోయాడు.

ఉక్కు కోసే కట్టర్ అదొక్కటే కావడంతో, మల్లేశం గత్యంతరం లేక ఇత్తడి కోసేదాన్ని ఉక్కు షాఫ్టుకు బిగించాడు. షాఫ్టు నిండా గాట్లు పడ్డాయి, ఇక పనికిరాదు. లచ్చయ్య వచ్చి, చూసి, తువ్వాల దులుపుకుని తిరిగిపోయాడు. నాలుగు తిట్టినా బాగుండేదని మల్లేశానికి ఏడుపొచ్చింది.

పొద్దుగూకే వేళకు రామచంద్రం సైకిలు దిగాడు. డ్యాం కట్టేచోట కార్ఖానాలో స్టోరు చూసేది అతనే. ఈ కట్టర్లు ఇప్పించిందీ అతనే.

"అన్నా, నీ కాల్మొక్త. ఎట్లనన్న జేసి ఇంకొక్క విలాయతి కట్టర్ ఇప్పియ్యి, రాత్రికి రాత్రి కొత్త షాఫ్టు తీస్త. లచ్చయ్య వరి ఎండుతాంది."

"విలాయతి ఏంది మల్లేశం? అవి మా కార్ఖానల కేతేపల్లి ఏసోబన్న చేతులతోని చేసినయి. ఉత్తరాదిల పెద్ద డ్యాం కట్టెటోళ్ళు పేరు పెట్టి పిలిపిచ్చుకున్నరు, ఇయ్యాల్నే పట్నం పోయి రైలెక్కుతుండు. పోయే ముందు నీ పెట్టెల తన కట్టర్లు ఎట్లున్నయో ఒక్కపారి చూసి పోతనన్నడు, రాలేదా?"