రద్దీ ఉంటే బస్సొస్తదా?

నాగేందర్‌కు పల్లెటూరంటేనే ఒళ్లు మంట. అలాంటివాణ్ని తెచ్చి రామన్నపేట రోడ్డు మీద, బక్కమ్మ చాయ్ హోటల్ రేకుల కింద కూర్చోబెట్టింది కంపెనీ.

పని ఒకటే. బండి పోతే చేతిలోని మిషన్ మీద ఒక నొక్కు. బండ్లు తక్కువుంటే ఈ రోడ్డుకు బస్సు వేస్తారు. ఎక్కువుంటే రోడ్డునే వెడల్పు చేస్తారు. ఆ సంగతి ఊరివాళ్లకు చెప్పాలని అతనికి అనిపించలేదు. వీళ్లకు చెప్పేదేంటి?

పొద్దున్నంతా గొర్రెల మందలే పోయాయి.

"ఏం జేస్తున్నవు సారూ?" చాయ్ ఇస్తూ అడిగింది బక్కమ్మ.

"రోడ్డు మీద రద్దీ ఎంతుందో లెక్క పెడుతున్న."

అప్పుడే ఒక ఆటో పోయింది. లోపల కిక్కిరిసి జనం, వెనక వేలాడుతూ ఇంకొందరు. నాగేందర్ ఒక్కసారి నొక్కాడు.

"అయ్యో, గంత మందికి ఒక్కటేనా?"

"మనుషులతోని నాకేం పని? బండ్లకే లెక్క."

బక్కమ్మ ఆటో పోయిన దిక్కు చూసింది. "రద్దీ లేదనే మా బస్సు బంద్ జేసిండ్రు సారూ. నా మనుమరాలు నిహారిక కాలేజీ ఇడిసిపెట్టి ఇంట్ల కూసున్నది. రద్దీ ఉంటే బస్సొస్తదా?"

ముసలిదాని ఆశ చూసి అతనికి నవ్వాగలేదు. "ఎందుకు రాదు? రద్దీ ఉంటే విమానం గూడ వస్తది, పో!"

ఆమె గబగబా ఊళ్లోకి పోయింది. మట్టిబుర్ర, జోకు కూడా అర్థం కాలేదు అనుకున్నాడు.

మధ్యాహ్నం తిండి వేళ దాటాక రోడ్డుకు పూనకం వచ్చింది. మోటర్ సైకిల్ వెనక మోటర్ సైకిల్, ఆ వెనక ఆటో, దాని వెనక ట్రాక్టర్. నడిపేవాళ్లంతా దుమ్ముకు ముఖాలకు తువ్వాళ్లు చుట్టుకున్నారు. చుట్టుకోకపోయినా నాగేందర్ చూసేవాడా? ఒక చేత్తో నొక్కుతూ, ఇంకో చేత్తో ఫోన్‌లో రీల్స్ తిప్పుతున్నాడు మహానుభావుడు.

ఛీ, ఏం జనం! ఇంటింటికీ బండి పెట్టుకుని బస్సు లేదని ఏడుపా? ఫ్రీగా వస్తే ఫినాయిల్ తాగే రకం!

పొద్దు వాలేసరికి బొటనవేలు వాచింది. పై ఇంజనీర్‌కు ఫోన్ చేశాడు. "సార్, ఈడ బండ్లే బండ్లు. బస్సు దండగ. రోడ్డు వెడల్పు చేయాల్సిందే. ఇండ్లా? ఏమున్నయి సార్, రెండు దిక్కులా పాత పెంకుటిండ్లు, నేను కూసున్న చాయ్ హోటల్. ఒక్కరోజుల కూలగొట్టొచ్చు."

సరే, రిపోర్టు అలాగే పైకి పంపిస్తానన్నాడు ఇంజనీర్.

అంతలో బక్కమ్మ వచ్చింది. ముఖమంతా చెమట, సంతోషం.

"లెక్క అయిపాయెనా సారూ? రద్దీ సరిపోయిందా?"

"మస్తుగ సరిపోయింది."

ఆమె రోడ్డు మీదికి ఉరికి, ట్రాక్టర్ మీదున్న కొడుకును చూసి గొంతు చించుకుని అరిచింది.

"ఓ ఎల్లేశం, బస్సొస్తాందట, ఇగ సాలు ఆపుండ్రిరా, ఊర్ల ఉన్నయే నాలుగు బండ్లాయె, గవ్వే ఊరెనక బాటకెల్లి పగటిసంది తిప్పి తిప్పి సచ్చిండ్రు!"