ఒకరు దిగాలి

"ఒక మనిషి జ్యాదా ఉన్నాడు భయ్యా. ఎవరో ఒకరు దిగితేగానీ బోటు కదల్దు," అన్నాడు సరంగు.

పోర్ట్ బ్లెయిర్ వెళ్ళడానికి హోప్ టౌన్ జెట్టీలో ఆగివున్న ఆ బోటులో ఒక్కరూ లేవలేదు.

నిజానికి ఎక్కువైన మనిషి ఆఖర్న పరిగెత్తుకొచ్చి ఎక్కిన గణేశ్వరరావే. కానీ ఆయన దిగే స్థితిలో లేడు. పోర్ట్ బ్లెయిర్‌లో కూతురు వాసవికి కాన్పు కష్టమైందని ఇప్పుడే ఫోనొచ్చింది.

బోటంతా కలయజూశాడు. మూలన ఒకడు తలొంచుకుని కూర్చున్నాడు. కాళ్ళకి పొలం బురద ఇంకా ఆరలేదు.

అలాంటివాళ్ళ మీద గొంతు దానంతటదే లేస్తుంది కదా!

"ఏయ్, నువ్వు దిగు!"

"బాబూ, నాను కూడా బేగి ఆస్పత్రికే ఎల్లాల..."

"నా కూతురు చావుబతుకుల్లో ఉందిరా! నీ కాళ్ళు పట్టుకోమంటావా? దిగు!"

బోటులో ఒక్కరైనా పాపం అనలేదు. ఎవరి సీటు వాళ్ళు గట్టిగా పట్టుకున్నారు.

"అచ్ఛా బాబూ," అని అతను దిగిపోయాడు.

ఆస్పత్రిలో భార్య సుచరిత ఎదురొచ్చి భోరుమంది.

"రక్తం ఆగట్లేదంటండీ! మన వాసవి మనకి దక్కదేమోనండీ!"

డాక్టర్ దేవేంద్ర బయటికొచ్చాడు.

"అరుదైన గ్రూపు. ఉన్నదంతా ఎక్కించేశాం. ఆ రక్తం ఇచ్చే అతను ఒకడున్నాడు, నూకన్న అని. తుష్నాబాద్ నుంచి బయల్దేరాడు."

గణేశ్వరరావు రెండు చేతులూ జోడించాడు.

"ఆయన్ని రానివ్వండి డాక్టర్ గారూ! ఆయన కాళ్ళు కడిగి ఆ నీళ్ళు నెత్తిన చల్లుకుంటాను!"

"ఈపాటికి రావాలే," అంటూ డాక్టర్ ఫోను స్పీకర్‌లో పెట్టాడు.

ఫోను మోగుతుండగానే ఆపరేషన్ గది తలుపు తెరుచుకుంది. నర్సు డాక్టర్ వైపు చూసి, తల అడ్డంగా ఊపింది.

సుచరిత నేలమీద కూలబడిపోయింది. గణేశ్వరరావుకి ఏడుపు కూడా రాలేదు.

"సాబ్?" అంది ఫోనులో గొంతు.

డాక్టర్ ఫోను నోటి దగ్గరికి తీసుకున్నాడు.

"నూకన్నా... ఇంక నువ్వు రానక్కర్లేదు."

"అచ్ఛా సాబ్. మాఫ్ చెయ్యండి, ఇంకో బోటు దొరక్క జెట్టీకాడే ఉండిపోనాను. ఎవరో బాబు, కూతురు చావుబతుకుల్లో ఉందంటే పాపమనిపించి దిగిపోనాను."