పడుగు అయిపోయినాక

"రేపెవడు సూసినాడు, ఈ పొద్దే బతకాల" అని తెరమీద హీరో అనంగానే హాలంతా ఈలలు. కుప్పయ్య తల వంచుకున్నాడు. మరమగ్గం మీద పడుగు అయిపోనీ, సినిమాకు పోదామని వనజాక్షికి పదేండ్లుగా చెప్తానే ఉన్నాడు. ఒకటి అయిపోతానే ఇంకోటి ఎక్కించేవాడు. ఈ పొద్దు కరెంటు పోయి, సగం పడుగుతో మగ్గం నిలిచిపోబట్టి వచ్చినారు.

బస్సు దిగినప్పట్నుంచి పెండ్లాం అతని చెయ్యి వదల్లేదు. ఈ వయసులో ఇదేందని సిగ్గుపడినా, లోపల సంతోషంగానే ఉన్నింది.

"ఆ పిల్ల చీర సూడు, మన నేత మాదిరే ఉండాది."

"ఏం రంగు మామా?"

"ఎదురుగ్గా ఉండాది కదే."

వనజాక్షి అతని చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకునింది.

"కండ్లు మసకబారి నెలాయె. నాలుగు దినాల్నుంచి ఏమీ కనపళ్లేదు. నీ పడుగు అయిపోయినాక చెప్దామనుకుంటి."