చెట్టును పొగిడే రోజు

“ఇంకో రెండు చుక్కలు వెయ్యనా?” స్టూలు మీంచే అడిగింది రోస్విటా.

“ఇప్పటికే ఇల్లంతా అడవిలా ఉంది. ఇంకా వేశావంటే జింకలొచ్చేస్తాయి. దిగు,” అన్నాడు ఆమె భర్త లోరెంజ్.

రోస్విటా దిగలేదు. పైన్ వాసన నూనెలో తడిపిన దూదిని క్రిస్మస్ చెట్టు నడుమనున్న ఇనప గొట్టంలోకి పుల్లతో కుక్కింది. చెట్టు ప్లాస్టిక్‌ది. ఆ సంగతి ఈ ఇంటి గడప దాటకూడదు.

వాళ్ల కూతురు ఆఫ్రాకి ఉబ్బసం. పోయిన క్రిస్మస్‌కి చెట్టు పక్కన ఆడుకుంటుంటే ఊపిరందక పెదాలు నీలంగా అయిపోయాయి. నిజం చెట్టు కొమ్మల్లో కంటికి కనపడని బూజు ఉంటుందనీ, అదే పిల్లకి పడటం లేదనీ డాక్టరు తేల్చాడు. ఒట్టి వాసనతో ఏ ఇబ్బందీ లేదన్నాడు.

చిక్కంతా ఇగ్నాజ్‌తోనే. ఆయన లోరెంజ్‌కి పెదనాన్న, తల్లీతండ్రీ లేని వాణ్ణి పెంచి పెద్దచేసిన మనిషి. జీవితమంతా కొండవాలు మీద పైన్ చెట్లు పెంచి ఊరికి అమ్మాడు. నడుం పట్టేయడంతో ఈ వసంతంలో కొండ అమ్మేశాడు గానీ, పంతం మాత్రం దగ్గరే ఉంచుకున్నాడు. రొట్టెల కొట్టువాడు ప్లాస్టిక్ చెట్టు పెట్టాడని వాడి వీధిలోనే నడవడు. “అలాంటి ఇంటికి నేను రాను, నా శవం కూడా రాదు,” అని చర్చి ముందు నిలబడి ప్రకటించాడు.

“పిల్ల ఆరోగ్యం కోసమని చెబితే అర్థం చేసుకోడా?” అన్నాడు లోరెంజ్.

“పోయిన క్రిస్మస్ చెట్టు ఎవరిచ్చారు? ఆయనేగా! నా చెట్టే పిల్ల ప్రాణం మీదికి తెచ్చిందా అని కుమిలిపోతాడు. ఆ మాట నా నోటితో చెప్పలేను.”

నూనె మందుల షాపు ఆవిడ కలిపిచ్చింది. “పైన్ నూనెలో కాస్త నారింజ తొక్క నూనె పడాలమ్మా. అప్పుడే వాసనకి ప్రాణం వస్తుంది. ఇలా నేను తప్ప ఎవరూ కలపరు,” అని గొప్పలు పోయింది. “మొన్నొకరు కీళ్లనొప్పులకని ఒక సీసా పట్టుకెళ్లారు. కీళ్లకేం పనిచేస్తుందో నాకైతే తెలీదు.”

పండగ మర్నాడు ఊళ్లో చెట్లను పొగిడే రోజు. ఇల్లిల్లూ తిరిగి చెట్టును పొగడాలి. పొగిడిన నోట్లో ఇంటివాళ్లు సారా పొయ్యాలి. పొరుగింటి వెండెల్ అప్పటికే నాలుగు చెట్లు పొగిడేసి, ఎర్రటి ముక్కుతో ఇగ్నాజ్ వెనకాలే వచ్చాడు.

ఇగ్నాజ్ గుమ్మంలోనే ఆగాడు. కళ్లు మూసుకుని గట్టిగా గాలి పీల్చాడు. మళ్లీ పీల్చాడు. ఆయన కళ్లు తెరిచి చెట్టువంక చూశాడు, తర్వాత ఆమెవంక చూశాడు.

“ఏం చెట్టమ్మాయ్!” అన్నాడు చివరికి. “తెల్లారి కొండెక్కితే సరిగ్గా ఇదే వాసన.”

వెండెల్ తూలుతూ ముందుకొచ్చాడు. “నాలుగాకులు నలిపి చూస్తే గానీ నేను పొగడను,” అంటూ కొమ్మ మీదికి చెయ్యి చాపాడు.

ఇగ్నాజ్ చేతికర్ర టక్కున వాడి మణికట్టు మీద పడింది. “తియ్యరా చెయ్యి! చెట్టును నోటితో పొగడాలి, చేత్తో కాదు.”

“ఈ రూలెప్పట్నుంచి?”

“నువ్వు పుట్టకముందు నుంచి. నోర్మూసుకుని తాగు.”

రోస్విటాకి నెత్తిమీది కొండ దిగినట్టయింది. బేరిపళ్ల సారా ముసలాయనకి నిండుగా పోసింది. ఆఫ్రా తాతయ్య ఒళ్లో కూర్చుని చుట్టూ ఉన్న బొమ్మలన్నీ చూపించింది, ఒక్కసారి కూడా దగ్గలేదు.

“మరి మీ చెట్టును మేం పొగడొద్దా, మామయ్యా?” అంది రోస్విటా.

“ఆ, దానికేం పొగడ్తలే. ఈ ఏడు చిన్నది. మెట్ల మీద మంచు కూడా ఉంది,” అన్నాడు ఇగ్నాజ్.

“సారా ఉంటే నేను పాక్కుంటూ వస్తా!” అన్నాడు వెండెల్.

చేసేది లేక ముసలాయన దారితీశాడు. ఆయనింట్లో ఉండేది నిజం చెట్టేగా. అందుకని ఆఫ్రాని లోరెంజ్‌కి అప్పజెప్పి వచ్చింది రోస్విటా. ఇగ్నాజ్ తలుపు తీశాడో లేదో, వెనకనుంచి బూట్ల చప్పుడు.

“తాతయ్యా, నేనూ పొగుడుతా!”

తండ్రి చెయ్యి విదిలించుకుని వచ్చిన పిల్ల, అందరి మధ్యనుంచీ దూసుకెళ్లి చెట్టు కింద దూరింది. రోస్విటా పై ప్రాణాలు పైనే పోయాయి. జేబులోంచి ఉబ్బసం మందు లాగుతూ పరుగెత్తి, కొమ్మల్లోకి వంగి పిల్ల భుజం పట్టుకుంది.

“అమ్మా, నాకేం కాలేదు. చూడు,” అంది ఆఫ్రా, గుండెల నిండా ఊపిరి పీల్చి చూపిస్తూ. నిజంగానే దగ్గు లేదు, పిల్లికూతలు లేవు. పిల్ల నవ్వుతోంది. రోస్విటా కూడా ఒక్కసారి ఊపిరి పీల్చుకుని, అలాగే ఆగిపోయింది.

ఆమె పక్కనుంచి వెండెల్ చెయ్యి కొమ్మ మీదికి సాగింది. సారా పోస్తున్న ఇగ్నాజ్ చెయ్యి గాల్లోనే నిలిచిపోయింది. ముసలాయన మొహంలో నెత్తుటి చుక్క లేదు.

“చేత్తో కాదు వెండెల్, నోటితో!” అంది రోస్విటా, కొమ్మల్లోంచి వస్తున్న నారింజ తొక్క వాసన పీలుస్తూ.