ఇంట్లో తెలుగే

“పానీ,” అన్నాడు చైతు, ఖాళీ గ్లాసు చూపిస్తూ.

వరప్రసాద్ పేపరు పక్కన పెట్టి చెక్క స్కేలు అందుకున్నాడు. “చెయ్యి చాపు.”

ఐదేళ్ల చైతు ఏడవకుండా చాపాడు. ఒక హిందీ మాటకు ఒక దెబ్బ. ఘాజియాబాద్‌లోని ఆ రెండు గదుల ఫ్లాటులో పదిహేను రోజులుగా నడుస్తున్న చట్టం అది.

“ఇవాళ స్కూల్లో ఇంటర్వ్యూ. ఇవాళైనా వాణ్ణి వదిలెయ్యండి,” అంది భానుశ్రీ, కొడుకు చేతికి కొబ్బరినూనె రాస్తూ.

“పోయిన నెల ఎస్టీడీ బూత్ నించి ఫోన్ చేస్తే మా అమ్మతో హిందీలో మొదలెట్టాడు. మనవడి మాట ఒక్కటీ అర్థంకాక ఏడ్చేసిందావిడ. నువ్వే చూడు, మొదట్లో రోజుకి ఇరవై దెబ్బలు తినేవాడు. ఇప్పుడు ఒకటీ అరా. పని చేస్తోందా లేదా?”

నిజంగానే పని చేస్తోంది. కానీ వాడు ఏడవకపోవడమే భానుశ్రీకి భయంగా ఉంది.

పదింటికి ముగ్గురూ ప్రిన్సిపాల్ ఎదుట కూర్చున్నారు. నాలుగు స్కూళ్లు సీటు లేదన్నాక మిగిలింది ఇదొక్కటే.

ప్రిన్సిపాల్ నవ్వుతూ కుక్క బొమ్మ చూపించింది. “యే క్యా హై, బేటా?”

చైతు బొమ్మను చూశాడు. తండ్రిని చూశాడు. నోరు విప్పలేదు.

“థోడా షై హై, మేడమ్,” అంటూ సిగ్గు మీదికి నెట్టేశాడు వరప్రసాద్.

ఆవిడ పిల్లి బొమ్మ చూపించింది. తర్వాత ఆవు. చైతు పెదవులు బిగించుకుని కూర్చున్నాడు. బొత్తిగా హిందీ రాని పిల్లలతో టీచర్లకు కష్టమనీ, వచ్చే ఏడాది తీసుకురమ్మనీ చెప్పి ఆవిడ ఫారం పక్కన పెట్టబోయింది.

వాడికి హిందీ బాగా వచ్చని వరప్రసాద్ గబగబా చెప్పాడు. ఆమె నమ్మినట్టు లేదు. అతను కొడుకు వైపు వంగాడు.

“నాన్నా, మేడమ్‌గారికి హిందీలో చెప్పాలమ్మా. కుక్కని ఏమంటారు?”

“హిందీలోనా?”

“ఆఁ, హిందీలోనే. చెప్పు నాన్నా, నీకు వచ్చుగా.”

ప్రిన్సిపాల్ ఆగి, బొమ్మ మళ్లీ ఎత్తి పట్టుకుంది.

చైతు కుర్చీ దిగి తండ్రి ముందుకొచ్చి నిలబడ్డాడు. కళ్లు గట్టిగా మూసుకుని, ముందు చెయ్యి చాపి, అప్పుడు చెప్పాడు.

“కుత్తా.”